బిషప్ అజరయ్యగారు – డోర్నకల్ దేవాలయము

దేవునికొక ఇల్లు కట్టదలచినవారికి మొట్టమొదట ఎదురగు ప్రశ్న ధనమెక్కడినుండి వచ్చునను ప్రశ్నయే. పాల్వంచ సీమవారికిది కొత్త ప్రశ్న కాదు. పదునేడవ శతాబ్దమున తానీషా ప్రభువు ఏలుబడిలో పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్నగారు భద్రాద్రిపై శ్రీరామునకు కోవెల కట్టించిరి. ప్రభుత్వమునకు చేరవలసిన పన్నుల సొమ్మును అందులకు వెచ్చించిరను నేరముపై వారు గోల్కొండ చెరసాలలో మగ్గిన కథ ఇచ్చటి పసిపిల్లలకును తెలిసినదే. గుడి నిలిచినది, దాని వెలను మాత్రము ఒక్క మనుష్యుడు తన దేహముతో చెల్లింపవలసివచ్చినది. సొమ్మెవరిది, గుడి యెవరిది, దాని భారమెవరు మోయవలెనను ప్రశ్నలు ఆనాటినుండి ఈ సీమలో నలుగుచునే యున్నవి.

కొత్తగూడెములోని భద్రాచలం రోడ్డు స్టేషనున రైలెక్కినవారు కారేపల్లి మీదుగా డోర్నకల్ జంక్షను చేరుదురు. సింగరేణి బొగ్గును మోయుటకై పందొమ్మిదవ శతాబ్దపు చివర శాఖామార్గము వేయుటతో ఆ పల్లె కూడలి స్టేషనాయెను. అచ్చట గుమ్మటములును, మీనారులును, రాతి స్తంభములును గల ఒక దేవాలయము కానవచ్చును. తొలిసారి చూచినవారు దానిని మసీదనుకొందురు. దగ్గరకు పోయి స్తంభములను చూచినచో దేవళపు మండపమనుకొందురు. శిఖరమునందలి సిలువను చూచిన పిదపగాని అది క్రైస్తవుల ప్రార్థనాలయమని తెలియదు. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ ప్రధాన దేవాలయమిది. దీనిని కట్టించిన మహనీయులు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. నిరుపేదలగు పల్లెవాసులచేత గుడి కట్టించుట యెట్లు, వారిని పుచ్చుకొనువారినుండి ఇచ్చువారిగా మార్చుట యెట్లు అను ప్రశ్నకు తమ జీవితమునంతయు సమాధానముగా అర్పించినవారగుటచే, వారి చరిత్రము మతభేదము లేక ఎల్లరును తెలిసికొనదగినది.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17వ తేదీన తమిళదేశమున తిరునల్వేలి జిల్లాయందలి వెళ్ళాలన్‌విళై అను పల్లెయందు జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకంగారు ఆ పల్లెలో ఆంగ్లికన్ సంఘ గురువు. బడిలో చదువుకొనుచుండగా 1839లో హిందూమతమునుండి క్రైస్తవము పుచ్చుకొనినవారు. పెక్కేండ్లు మగసంతానము కొరకు ప్రార్థించిన పిదప పుట్టిన బిడ్డయగుటచే కుమారునకు శామ్యూల్ అని పేరిడిరి. వారిది నాడారు కులము. తాళ్ళు గీయుట యే కులవృత్తిగా గలిగి, పెద్ద కులములవారిచే నీచముగా చూడబడుచు, చదువుచేతను సంఘబలముచేతను మెల్లమెల్లగా తలయెత్తిన జాతి యది. తమవారు లేచిన తీరును కన్నులార చూచియున్నందుననే కాబోలు, తరువాత తెలుగుదేశపు మాల మాదిగలను చూచినప్పుడు వారు లేవలేరని అజరయ్యగారికి ఎన్నడును తోచలేదు.

1889లో తండ్రి గతించెను. తల్లి ఎల్లెనమ్మగారు కట్టుదిట్టముగా కుమారుని పెంచిరి. తిరునల్వేలిలో చదువు ముగించి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి గణితశాస్త్రమభ్యసించిరి గాని, పరీక్షల వేళకు జబ్బుపడుటచే పట్టము పుచ్చుకొనకయే కళాశాల విడువవలసివచ్చెను. తరువాతి కాలమున, 1920లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గౌరవ డాక్టరు బిరుదమునిచ్చి సత్కరించినది ఈ పట్టము లేని విద్యార్థినే. 1895లో వారు యువజన క్రైస్తవ సమాజమున కార్యదర్శిగా కుదిరి దక్షిణదేశమంతయు తిరుగజొచ్చిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాలలో చదివిన మొదటి కొలదిమందిలో ఆమె యొకరు.

1902లో అజరయ్యగారు సింహళమందలి యాళ్పాణమునకు పోయిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత చందాలతో ఒక మత ప్రచార సంఘమును నడుపుచుండుట కంటబడెను. అది వారి మనస్సును నొప్పించెను. తిరునల్వేలి క్రైస్తవులు సంఖ్యలో అధికులు. కాని ఇంగ్లాండునుండి వచ్చిన సొమ్ముతో బడులును, గుళ్ళును, గురువులును నడచుచుండ, తామితరుల కొరకు చేసినది స్వల్పము. ఎల్లకాలము పుచ్చుకొనుచుండు సంఘము ఎన్నటికిని పెద్దది కాజాలదని వారు గ్రహించిరి. ఇంటికి మరలివచ్చి, 1903 ఫిబ్రవరిలో, తిరునల్వేలి భారత మిషనరీ సంఘమును స్థాపించిరి. మనుష్యులు ఈ దేశమువారు, ధనము ఈ దేశముది, పెత్తనము ఈ దేశమువారిది యని దాని నియమము. 1905 డిసెంబరు 25న జాతీయ మిషనరీ సంఘము కూడ ఇట్టి నియమముతోనే శ్రీరాంపూరున వెలసెను. విలియం కేరీగారి గ్రంథాలయమున అది ప్రారంభమైనదని ఈ సంచికలో చెప్పుట సందర్భోచితమే యగును. బంగాళమున స్వదేశీ ఉద్యమము చెలరేగిన సంవత్సరమది. గుడ్డ విషయమున దేశమంతయు అడుగుచున్న ప్రశ్ననే అజరయ్యగారు గుడి విషయమున అడిగిరి.

తిరునల్వేలి సంఘమువారు తమ సేవకొక చోటు వెదకుచు నైజాం రాజ్యపు ఆగ్నేయ భాగమందలి డోర్నకల్ ప్రాంతమును ఎన్నుకొనిరి. భాష వేరు, దేశము వేరు, ప్రభుత్వము వేరు. 1904లో వారి మొదటి సేవకులచ్చట అడుగిడిరి. అయిదేండ్లకు అజరయ్యగారికి, ఇతరులను పంపి తాము ఇంట కూర్చుండుట న్యాయము కాదని తోచెను. పట్నపు ఉద్యోగమును, పేరును విడిచి, 1909లో గురుపట్టము పొంది, ఆలుబిడ్డలతో డోర్నకల్ చేరిరి. మొదట నివాసము గుడారము. ముప్పదియైదవ యేట క్రొత్తగా తెలుగు నేర్చిరి.

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు వారు పోయిరి. అచ్చట చేసిన ఉపన్యాసమున, విదేశపు మిషనరీలు ధనమిచ్చిరి, శ్రమయిచ్చిరి, ప్రాణములైనను ఇచ్చిరి గాని, ఈ దేశపు సహసేవకులకు సమానుల స్నేహమును మాత్రమీయలేదని నిర్మొగమాటముగా చెప్పిరి. సభలో కొందరికది కంటగింపాయెను. కాని దాత చేయి పైనను గ్రహీత చేయి క్రిందనున్నంత కాలము స్నేహము కుదరదను మర్మము ఆ మాటలలో నుండెను.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ ప్రధాన దేవాలయమున అజరయ్యగారికి బిషప్పు పట్టాభిషేకమయ్యెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవినందుకొన్న మొదటి భారతీయుడు వారే. అప్పటికి వారి వయస్సు ముప్పదియెనిమిది. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారు దీనికై పట్టుబట్టి కృషిచేసిరి. నల్లవాని క్రింద తెల్లవారెట్లు పనిచేయుదురని కొందరును, తక్కువ కులమువాని చేత దీవెన యెట్లు పొందుదుమని మరికొందరును సణిగిరి. అజరయ్యగారు ఎవరికిని జవాబీయలేదు. డోర్నకల్ వచ్చి పనిలో పడిరి.

బిషప్పు పాలనలోని ప్రాంతమును అధ్యక్ష మండలమందురు. బిషప్పునకు పీఠముండవలెను, ఆ పీఠముండు గుడియే ప్రధాన దేవాలయము. అట్టి గుడి లేకయే డోర్నకల్ మండలము పుట్టెను. పశ్చిమ దేశపు సంఘములను అడిగినచో గుడి లేచుటకు వేరొక మార్గముండెను. అజరయ్యగారు బిషప్పైన రెండేండ్లకే, 1914లో, ఇదే నైజాం రాజ్యమున మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు గొప్ప దేవాలయమునకు పూనుకొనిరి. ఇంగ్లాండునందలి మిత్రులనుండి వారు ధనము సేకరించిరి. కరవు నాట వేలకొలది బీదలకు ఆ పని కూడుపెట్టెనని చెప్పుదురు. నూరడుగుల వెడల్పు, రెండువందల అడుగుల పొడవు, నూటడెబ్బదియైదడుగుల గోపురముతో గోథిక్ రీతిని అది లేచి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమయ్యెను. ఆకలిగొన్నవానికి పనియిచ్చి అన్నము పెట్టిన కట్టడమది. దానిని తక్కువచేయుటకు వీలులేదు. కాని అందు పల్లెవాడు కూలివాడు, కట్టించినవాడు వేరొకడు. అజరయ్యగారి తలంపు వేరు. పల్లెవాడే కట్టించువాడు కావలెను. అందులకు మెదకులో పట్టినంత కాలము చాలదు.

పల్లెవాని స్థితి యెట్టిదో ముందు తెలిసికొనవలెను. ఆ కాలమున సంఘమున చేరినవారిలో అధికులు మాల మాదిగ కులములవారు. వారు దొరల పొలములలో జీతగాండ్రు. పెండ్లికో, రోగమునకో తెచ్చిన అప్పు క్రింద తండ్రి తరువాత కొడుకు పనిచేయవలసినవారు. నైజాం ఇలాకాలో దీనికి తోడు వెట్టి. కూలి రూకలలో కాక గింజలలో ముట్టుచుండెను. చేతికి రూపాయి వచ్చుట పండుగనాటి మాట. ఊరి బావికి పోరాదు. ఊరి గుడి గడప తొక్కరాదు. ఇట్టివారిని గుడికి చందాలీయుడని అడుగుట కఠినమని మిషనరీలలోనే పలువురు తలంచిరి. బీదవానినుండి పుచ్చుకొనుట పాపమని వారి జాలి.

అజరయ్యగారి జాలి మరియొక రకముది. ఇయ్యదగినది నీయొద్ద ఏమియు లేదని ఒకనితో చెప్పుటకంటె గొప్ప అవమానము లేదని వారి నమ్మకము. రూపాయి లేనివాని యింట గింజ యున్నది. గింజ లేనివానికి రెక్కలున్నవి. కావున కానుకయు ఇంటిలో నున్న రూపముననే రావలెను. ఇల్లాలు పొద్దున సాయంకాలము వంటకై బియ్యమో జొన్నలో కొలిచినప్పుడు, ఎసటిలో పోయుటకు ముందు ఒక్క పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. వారము తిరుగుసరికి ఆ కుండ గుడికి పోవును. పిడికెడు తగ్గినందున ఆ యింట ఆకలి పెరుగదు గాని, నూరిండ్ల పిడికిళ్ళు కూడినచో బస్తా యగును. ఈ పిడికెడు బియ్యపు పద్ధతి మండలమంతట పాదుకొనెను. ఇందులో మరియొక విశేషము కలదు. ఇంటి సొమ్ముపై అధికారము లేని స్త్రీకి వంటకుండపై అధికారముండెను. కావున ఈ పద్ధతిలో మొదటి దాత ఇల్లాలే యయ్యెను. సంఘపు లెక్కలలో ఆమె కష్టమునకు చోటు దొరకెను. అన్బమ్మగారు స్త్రీల మధ్య చేసిన సేవ దీనికి తోడుపడెను.

రెండవది కోత పండుగ. పంట యింటికి వచ్చిన పిదప ఒక దినమున సంఘస్థులందరును తమకు కలిగినదానిలో కొంత తెచ్చి దేవుని సన్నిధినుంచెదరు. వడ్ల గంప తెచ్చువాడొకడు, గుమ్మడికాయ తెచ్చునదొకతె, కోడిని చంకనిడుకొని వచ్చు ముసలమ్మ, గ్రుడ్లు తెచ్చు పిల్లలు, మేకపిల్లను తోలుకొని వచ్చువాడు. ఆరాధన ముగిసిన తరువాత చెట్టు క్రింద వేలము. కోడి తెచ్చినామె పొరుగువాని గుమ్మడికాయ కొనును. గుమ్మడికాయ తెచ్చినవాడు కోడిపై పాట పెంచును. నవ్వులతో, పాటలతో, డప్పులతో సంఘపు సంవత్సరపు నిధి కూడును. వసూలునకు వచ్చినవారిని చూచి దాగు ఊళ్ళలో ఇచ్చుట పండుగ యయ్యెను.

మూడవది శ్రమదానము. పల్లెలలో మొదటి గుడి యనగా మట్టిగోడలును, తాటాకు కప్పును. వారపు దినములలో అదే బడి. ఆదివారము అదే గుడి. రాత్రివేళ పెద్దల పంచాయతి చావడియు అదే. స్థలము సంపాదించుటయే పెద్ద చిక్కు. జీతగాండ్ర పిల్లలు అక్షరములు నేర్చుకొనుట దొరలందరికిని ఇష్టము కాదు. స్థలము దొరకిన పిదప మన్ను త్రొక్కుటకును, నీరు మోయుటకును, తాటాకు కోయుటకును కూలియిచ్చు పనిలేదు. ప్రతి రెండు మూడేండ్లకు ఆకు మార్చవలసియుండుట కష్టమే గాని, అందువలన మేలును కలిగెను. ఎవరో కట్టియిచ్చిన పెంకుటిల్లు కురిసినచో ఇచ్చినవానికి జాబు వ్రాయుదురు. తాము కప్పిన తాటాకు కురిసినచో తామే నిచ్చెన వేయుదురు.

డబ్బు కూడుటతో పని తీరదు. దానిని తీర్చి ఖర్చుచేయు పద్ధతి కావలెను. ప్రతి పల్లెలోను సంఘ పెద్దలు కూర్చుండి నిర్ణయింతురు. కొన్ని పల్లెలు కలిసి ఒక గురువు క్రింద నుండును, అట్టివి కొన్ని కలిసి ఒక కౌన్సిలగును, వీటన్నిటిపైని మండలసభ. గురువు జీతమునకెంత, బడికెంత, గుడి మరమ్మతునకెంత, దూరపు సేవకెంత యని వాదించి తేల్చుకొనుట అచ్చట నేర్చిరి. ఊరి రచ్చబండ దగ్గర నోరెత్త వీలులేనివాడు సంఘసభలో లెక్క చూపుమని అడుగగలిగెను. ఇదియే తరువాతి కాలపు ప్రజాపాలనకు తొలి పాఠమయ్యెనన్న అతిశయోక్తి కాదు. ఆ సభలలో మాలలును మాదిగలును ఒకే చాప మీద కూర్చుండి, ఒకే పాత్రలో ప్రభు భోజనము పుచ్చుకొనవలెనని అజరయ్యగారు పట్టుబట్టిరి. అది అన్నిచోట్ల ఒక్కసారిగా నెరవేరలేదు. పాతపగలు గుడిలోనికి చెప్పులతో వచ్చినట్లు వచ్చుచునే యుండెను. కాని వారు తమ నియమమును సడలింపలేదు.

1920 తరువాత తూర్పున కృష్ణాతీరపు తెలుగు క్రైస్తవ ప్రాంతములనేకము డోర్నకల్ మండలమున చేర్చబడెను. మన ఖమ్మముమెట్టును, భద్రాచలపు అడవులలో గోదావరి యొడ్డునగల దుమ్ముగూడెమును అందులోనివే. గోదావరిని పడవలకు యోగ్యముగా చేయుటకై ఆనకట్ట పని జరుగుచుండిన 1860 ప్రాంతమున, ఆ పనిపై నుండిన హెయిగ్ అను ఇంజనీరు చొరవచే దుమ్ముగూడెమున సేవ మొదలయ్యెను. తరువాత జాన్ కెయిన్ దొరగారు కోయల మధ్య పెక్కేండ్లు పనిచేసిరి. డోర్నకల్ బిషప్పునకు ఇట్లు బొగ్గుగనుల కూలీలు, కోయగూడెములు, కృష్ణా డెల్టా పొలములు అన్నియు ఒకే కుటుంబమయ్యెను. ఎద్దుబండ్లలో ఊరూరు తిరిగి, చెట్ల క్రింద సంఘములను కూర్చి, బాప్తిస్మము పొందిన ప్రతివాని చేయి వాని తలపైనే పెట్టించి, తాను పొందినదానిని ఇతరులకు చెప్పెదనని ప్రమాణము చేయించుట వారి వాడుక. 1940 నాటికి మండలమున క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

ఇంత సంఘము పెరిగినను ప్రధాన దేవాలయపు పని మెల్లగానే సాగెను. పట్టాభిషేకము 1912 చివర. ప్రతిష్ఠ 1939 మొదట. నడుమ ఇరువదియారేండ్లు. ఈ ఆలస్యమునకు కారణము కేవలము దారిద్ర్యమనుకొనరాదు. చేతికి వచ్చిన ప్రతి రూకకు నాలుగు వైపుల పిలుపులుండెను. గ్రామపు బడికి పంతులు కావలెను. ఆసుపత్రికి మందులు కావలెను. యువకులను గురువులుగా తీర్చు పాఠశాల నడవవలెను. మొదటి ప్రపంచ యుద్ధపు కరవు ధరలు వచ్చెను. 1929 తరువాత ప్రపంచమంతట వ్యాపించిన ఆర్థికమాంద్యమున విదేశ సంఘములు తమ సాయమును కోసివేసెను. అదే సమయమున ధాన్యపు ధరలు పడిపోయి పల్లెవాని కానుక విలువయు తగ్గెను. ఇట్టి వేళలలో పెద్దగుడి ఆగి చిన్నబడి నడచుటయే న్యాయము. ఆపద వచ్చినప్పుడు విదేశపు సొమ్ము ఎంత సులభముగా ఎండిపోవునో ఆ యేండ్లలో అందరికిని తెలిసెను. పిడికెడు బియ్యము మాత్రము ఎండలేదు.

విదేశ సాయము లేకయే మండలము నడచెననుట సత్యము కాదు. మిషను సంఘముల ధనము, మిత్రుల విరాళములు అజరయ్యగారి కాలమంతయు వచ్చుచునే యుండెను, వారును వలదనలేదు. వచ్చిన సాయము తమ ప్రయత్నమునకు తోడుగా నుండవలెనే గాని దానికి మారుగా నుండరాదని మాత్రమే వారి పట్టు. ఈ విషయముపై వారు క్రైస్తవ దానమును గూర్చి ఇంగ్లీషున ఒక చిన్న పుస్తకము వ్రాసిరి. అది వారి మరణానంతరము దేశదేశముల సంఘములకై వెలువడిన గ్రంథమాలలో పునర్ముద్రితమై, డోర్నకల్ పేరు వినని వారికిని పాఠ్యమయ్యెను. పేదల కానుకలను గూర్చి ఒక తెలుగు పల్లె నేర్చిన పాఠమును సంపన్న దేశములు చదువుకొనుట చిత్రమే.

కట్టడపు రూపమును గూర్చియు వారికొక నిశ్చయముండెను. ఇంగ్లాండునుండి వచ్చిన మిషనరీలు తమ స్వగ్రామపు గుడిని తలచుకొని ఇచ్చట కట్టుట సహజము. కాని అట్టి గుడిని చూచి పొరుగువాడు, ఇది పరదేశపు దేవునిదని అనుకొనుటయు అంతే సహజము. నైజాం ఇలాకాలో తురకల మసీదు గుమ్మటము ఎల్లరికిని తెలిసినది. దక్షిణదేశపు దేవళపు స్తంభము అంతకంటె పరిచితమైనది. ఈ రెంటిని తీసికొని, ఎండకును గాలికిని తగినట్లు విశాలముగా, తమ ఆరాధనకు అనువుగా ఒక రూపమును తీర్చిరి. మీనారును చూచి ముస్లిమును, స్తంభమును చూచి హిందువును పరాయితనము లేక లోపలికి రావలెనని దాని భావము. ఆ ఇరువురి శిల్పులు శతాబ్దములుగా కూర్చిన సంపద ఈ దేశపు క్రైస్తవునకును పిత్రార్జితమే యని ఆ కట్టడము చాటుచున్నది.

1938 డిసెంబరున మద్రాసు దగ్గరి తాంబరమున అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగెను. నాలుగు మూలలనుండి ప్రతినిధులు వచ్చిన ఆ సభలో స్వయంపోషకములగు సంఘములను గూర్చి చర్చలు సాగెను. అది ముగిసిన వారము దినములకే, ప్రత్యక్షతా పండుగనాడు, డోర్నకల్ దేవాలయ ప్రతిష్ఠ. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రమును చూచి కానుకలు తెచ్చిన కథను స్మరించు పండుగ యది. పిడికిళ్ళతో తెచ్చిన కానుకల గుడికి అంతకంటె తగిన దినము దొరకదు.

అజరయ్యగారి నడతను అందరును మెచ్చిరనరాదు. బీదల మతాంతరము విషయమున గాంధీమహాత్మునకును వారికిని తీవ్రమైన అభిప్రాయభేదముండెను. లోకజ్ఞానము లేని హరిజనులు మతమును విచారించి మారజాలరని గాంధీగారి వాదము. వారికిని తమ మంచిచెడ్డలను ఎన్నుకొను బుద్ధి కలదని అజరయ్యగారి వాదము. ఇరువురును దేశభక్తులే, ఇరువురును అస్పృశ్యతకు శత్రువులే. అయినను వారి దారులు కలియలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని, సంఘము రాజకీయపు కోట కారాదని అజరయ్యగారు వాదించిరన్నది మరువరాదు. పెద్దగుడికి వెచ్చించినదానిని పేదల కూటికి వెచ్చింపరాదా యను ప్రశ్నయు న్యాయమైనదే. కూడు పెట్టినవాడు ఒక పూట నిలుపును. ఇచ్చు అలవాటును నేర్పినవాడు వంశమును నిలుపునని వారి పని చెప్పిన జవాబు. దానిని ఒప్పుకొనువారును, ఒప్పుకొననివారును నేటికిని కలరు.

ప్రతిష్ఠ జరిగిన తరువాత అజరయ్యగారు ఆరేండ్లు జీవించిరి. 1945 జనవరి 1వ తేదీన, డెబ్బదియవ యేట, డోర్నకల్‌లోనే కన్నుమూసిరి. తాము కట్టించిన గుడి ఆవరణముననే వారి సమాధి కలదు. 1919లో తరంగంబాడిలో ఏ సంఘైక్యమునకై ఇతరులతో కలిసి పూనుకొనిరో, అది వారు పోయిన రెండేండ్లకు, 1947 సెప్టెంబరు 27న, దక్షిణ ఇండియా సంఘముగా రూపొందెను. డోర్నకల్ మండలము అందులో భాగమయ్యెను. నైజాం రాజ్యము 1948లో అంతరించెను; జిల్లాలు మారెను. 2016నుండి డోర్నకల్ మహబూబాబాదు జిల్లాలోను, పాల్వంచ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోను నున్నవి. రాజ్యములు, సరిహద్దులు మారినను ఆ గుమ్మటములు అట్లే నిలిచియున్నవి.

పాల్వంచ తహసీలుదారు కట్టించిన గుడియు, డోర్నకల్ బిషప్పు కట్టించిన గుడియు ఒకే సీమ యొక్క రెండు సంపదలు. ఒకచోట భక్తుడొక్కడు అందరి భారమును తలకెత్తుకొనెను. రెండవచోట ఒక గురువు ఆ భారమును పిడికెడు చొప్పున అందరికిని పంచెను. మొదటిదానికి అసమానమైన సాహసము కావలెను. రెండవదానికి అసమానమైన ఓర్పు కావలెను. ఊరిలో ఏ ప్రజాసంస్థ నిలువవలెనన్నను ఈ రెండవ గుణమే ఎక్కువ అక్కరకు వచ్చును. గ్రంథాలయమే యైనను, ఒక్క దాత ఇచ్చిన భవనముతో వెలయవచ్చును గాని, నెలనెల చిన్న చందా ఇచ్చు సభ్యులు లేక ఇరువదియైదేండ్లు బ్రతుకజాలదు. రజతోత్సవములు చేసికొను ప్రతి సంస్థ వెనుకను పేరు వ్రాయబడని పిడికిళ్ళెన్నో యుండును. అట్టి పిడికిళ్ళను లెక్కపెట్టి, వానిపై ఒక మహాదేవాలయమును నిలిపిన మహాపురుషుడు బిషప్ అజరయ్యగారు.